బీరు గ్లాసులో మన గోంగూర పువ్వు

చెల్లెళ్ళూ, మందు ఊసు మన ఆడవాళ్ళ మాటల్లోకి వస్తే ఏడుపుతోనో తిట్టుతోనో వస్తుంది. పల్నాడులో అది మరీను. మిరపచేలో కాయ కోసి తెచ్చిన కూలి డబ్బులు ఇల్లు చేరకముందే ఎక్కడ ఆగిపోతాయో మనకు తెలుసు. అందుకే ఇవాళ నేను ఎత్తుకున్న ముచ్చట కొంచెం కొత్తగా ఉంటుంది. పూలూ తేయాకూ వేసి కాచిన బెల్జియం తరహా బీరు ఒకటి నేను రుచి చూశాను. ఆ సంగతి చాటుగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ గ్లాసులో నాకు కనిపించినదాన్ని మీకు చెప్పకుండా దాచుకోవడం అసలే ఇష్టం లేదు.

మా చెల్లెలు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో కాపురం ఉంటోంది. నన్ను చూడాలని ఉందని పిలిస్తే వెళ్ళాను. ఓ ఆదివారం సాయంత్రం ఊరి బయట పొలాల్లో ఉన్న చిన్న బీరు తయారీశాలకు తీసుకెళ్ళింది. చెట్ల కింద బల్లలు వేసి ఉన్నాయి. పసిపిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు, వాళ్ళ అమ్మమ్మలు పక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. కేకలు లేవు, తూలడాలు లేవు.

"అక్కా, నిన్ను తాగమని నేను అనను. ఒక్క గుక్క నోట్లో పోసుకుని, ఇందులో ఏం పువ్వు పడిందో చెప్పు చాలు" అంది.

"పువ్వేందే, బీరులో?"

"నువ్వే చెప్పాలి. మన ఇంట్లో నాలుక నీదేగా!"

రుచి చూసి పోల్చుకోవడానికి అక్కడ అరచేతిలో ఇమిడే చిన్న గ్లాసులో పోసిస్తారు. రంగు ఎరుపుకీ గులాబీకీ నడుమ ఉంది, పైన తెల్లటి నురగ. ముక్కు దగ్గర పెట్టుకోగానే ధనియాల వాసన వచ్చింది. వేయించినవి కాదు, పచ్చివి అప్పుడే నలిపితే వచ్చే వాసన. దాని వెనకే లవంగం. లవంగం వేశారా అని అడిగితే, వెయ్యలేదమ్మా, అది ఈస్ట్ చేసిన పని అంది అక్కడ పోసిచ్చే అమ్మాయి. బెల్జియం వాళ్ళు వాడే ఈస్ట్‌ల గుణమే అది. పులిసేటప్పుడు తమంతట తామే లవంగం వాసననీ, పండిన అరటిపండు లాంటి వాసననీ పుట్టిస్తాయి.

ఇక గుక్క వేశాను. తీపి లేదు. ముందు పులుపు తగిలింది. ఆ పులుపు నిమ్మకాయది కాదు, చింతపండుది కాదు, మామిడిదీ కాదు. నాలుక పక్కలకు పాకి, దవడల దగ్గర నీళ్ళూరించే పులుపు. ఆ తర్వాత చిన్న చేదు. అన్నిటికీ చివర, గొంతు దిగాక, తేయాకు వగరు నాలుక మీద మిగిలింది. షడ్రుచుల్లో మూడు ఉన్నాయి: పులుపు, చేదు, వగరు. ఉప్పూ కారం కోసం నా పల్నాటి నాలుక వెతుక్కుంది గానీ అవి ఉండవుగా!

"ఇది గోంగూర కదే!" అన్నాను.

మా చెల్లెలు బల్ల చరిచి నవ్వింది. "అక్కా, ఇదే మాట నీ నోట వినాలని తీసుకొచ్చా!"

బోర్డు మీద మాత్రం హైబిస్కస్ అని రాసి ఉంది. ఆ మాట చూస్తే మనకు పెరట్లో మందారం గుర్తొస్తుంది. కానీ ప్రపంచమంతా పువ్వు టీల్లోనూ ఇలాంటి బీర్లలోనూ ఎక్కువగా పడేది మందారం కాదమ్మా. హైబిస్కస్ సబ్దరిఫా అనే మొక్క. అది మన ఎర్ర గోంగూర! దాని పువ్వు లేత పసుపు, నడిమధ్య ముదురు ఎరుపు మచ్చ, ఒక్క రోజుకే వాడిపోతుంది. రేకులు రాలాక కాయను చుట్టుకుని ఉండే తొడుగు ఎర్రగా, కండగా, దళసరిగా ఊరుతుంది. ఆ తొడుగునే ఎండబెట్టి వాడతారు. ఈజిప్టు, సూడాన్ దేశాల్లో దాంతో కాచే కషాయం పేరు కర్కదే. సెనెగల్‌లో బిస్సాప్. మెక్సికోలో హమైకా. ఆస్టిన్‌లో మెక్సికో నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఎక్కువ కాబట్టి, అక్కడి కొట్లలో ఎండిన గోంగూర తొడుగులు మన కొట్టులో ఎండుమిరపకాయలున్నంత మామూలుగా ఉన్నాయి. కెనడాలో మాంట్రియల్ బ్రూవరీ ద్యూ ద్యు సియెల్ ఈ పువ్వుతోనే ఓ గోధుమ బీరు చేసి పేరు తెచ్చుకుంది.

మరి మనం? ఆకు గిల్లుకుని పచ్చడి చేసుకుంటాం. మొక్క ముదిరి పూతకొస్తే ఇక పనికిరాదని పీకేస్తాం. ఆ ఎర్ర కాయలతో పచ్చడి నూరుకునే ఇళ్ళు కొన్ని ఉన్నాయి, వాళ్ళకు నా దండం. మిగతా మనమంతా గోంగూర దేశంలో పుట్టి గోంగూర పువ్వు రుచి ఎరగనివాళ్ళం. ఆస్టిన్‌లో ఆ బల్ల దగ్గర నాకు ఆశ్చర్యం కన్నా ఎక్కువగా కలిగింది ఆ బాధే.

ఇక ధనియాల సంగతి. ఇది ఇంకా దగ్గరి చుట్టరికం. బెల్జియంలో హూగార్డెన్ అనే ఊళ్ళో వందల ఏళ్ళుగా గోధుమలతో తెల్లటి బీరు చేసేవాళ్ళు. దాంట్లో ధనియాలు, ఎండిన నారింజ తొక్క వేస్తారు. 1950ల్లో ఆ ఊళ్ళో చివరి బీరు తయారీశాల కూడా మూతపడింది. అక్కడ ఇంటింటికీ పాలు పోసే పియెర్ సెలిస్ అనే ఆయన, ఊరి రుచి పోయిందని ఊరకుండలేక, 1966లో మళ్ళీ మొదలుపెట్టాడు. 1985లో అగ్నిప్రమాదం జరిగి అంతా కాలిపోయింది. నిలదొక్కుకోవడానికి పెద్ద కంపెనీ డబ్బు తీసుకోవాల్సి వచ్చింది, చివరికి ఆయన తయారీశాలే వాళ్ళ చేతుల్లోకి పోయింది. అప్పుడు ఆయన సముద్రం దాటి ఎక్కడికి వచ్చాడనుకున్నారు? ఆస్టిన్‌కే! 1992లో అక్కడ తన పేరుతో తెల్ల బీరు కాచాడు. ఆ కంపెనీ కూడా అమ్ముడైపోయి మూతపడింది. ఆయన 2011లో పోయాడు. 2017లో ఆయన కూతురు క్రిస్టీన్ అదే ఊళ్ళో నాన్న పేరుతో తలుపులు మళ్ళీ తెరిచింది. నాన్న చేతి రుచిని కూతురు నిలబెట్టాలనుకోవడం నాకు ఎంతో నచ్చింది చెల్లెళ్ళూ. అమ్మ చేతి పచ్చడి కొలత కోసం ఫోన్లో గంటలు గంటలు మాట్లాడే మనకు ఆ మనసు తెలుసు.

ఆ ధనియాలు మన నేలకు కొత్తవి కావు. మన వైపు నల్లరేగడిలో నీళ్ళు కట్టకుండా, నేలలో నిలిచిన తేమతో, మంచుతో రబీలో పండే పంట అది. గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రంలో ధనియాల మీద ఏళ్ళ తరబడి పని చేసి స్వాతి, సాధన, సింధు అని మంచి రకాలు ఇచ్చారు. మన శాస్త్రవేత్తలు వాటికి ఆడపిల్లల పేర్లు పెట్టడం ముచ్చటగా లేదూ!

బీరు ఎట్టా తయారవుతుందో తెలుసుకుంటే మనకు అదేమీ మాయ కాదు. పసిపిల్లలకు రాగులు మొలకకట్టి, ఎండబెట్టి, పిండి కొట్టించి జావ కాస్తాం కదా. అక్కడ బార్లీని అట్టాగే మొలకకట్టి ఎండబెడతారు. దాన్ని వేడినీళ్ళలో నానబెడితే గింజలోని పిండి తీపిగా మారుతుంది. ఆ తీపినీళ్ళు వడగట్టి, హాప్స్ వేసి మరిగిస్తారు. హాప్స్ అంటే ఏంటో తెలుసా? అవీ పూలే. ఒక తీగకు, అందులోనూ ఆడ తీగకు మాత్రమే కాసే ఆకుపచ్చ పూగుత్తులు. చేదు ఇచ్చేవీ, చెడకుండా కాపాడేవీ అవే. అంటే ఊళ్ళో మగవాళ్ళు తాగే మామూలు బీరు కూడా పువ్వు పడ్డదే, ఎవరూ అట్టా చెప్పరంతే. చల్లారాక ఈస్ట్ కలుపుతారు. ఏల్ రకాలకు గది వేడి చాలు, లాగర్ రకాలు చల్లటి చోట నెమ్మదిగా పులుస్తాయి.

గోంగూర తొడుగుల్ని మరిగించడం పూర్తవుతుండగా వేస్తారు, లేకపోతే రంగూ పులుపూ పోతాయి. తేయాకును మాత్రం పులియడం అయ్యాక చల్లగా నానబెడతారు. వేడిలో ఎక్కువసేపు ఉంటే వగరు దిగి నోరు పట్టేస్తుంది. టీ పొయ్యి మీద మరిచిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! నేను రుచి చూసిన దాంట్లో ఆ కొలత బాగా కుదిరింది. అస్సాం తేయాకట. పువ్వు పులుపును తేయాకు వగరు ఎక్కడికక్కడ కట్టేసింది. ధనియాలు కొంచెం ఎక్కువయ్యాయని నా అభిప్రాయం. ఆ అమ్మాయితో అదే చెప్పాను, ఆమె రాసుకుంది.

ఆమే ఆ బీరు కాచిన మనిషి. పోసిచ్చే అమ్మాయి అనుకున్నాం గానీ తయారీ అంతా తన చేతి మీదే. ఇది కొత్త సంగతేమీ కాదు. పాతకాలం ఐరోపాలో బీరు కాచడం ఆడవాళ్ళ ఇంటిపని. రొట్టె కాల్చినట్టే వారానికోసారి కాచేవాళ్ళు, ఇల్లు గడవడానికి మిగిలింది అమ్ముకునేవాళ్ళు. హాప్స్ వేస్తే పానీయం చెడకుండా ఉంటుందని 12వ శతాబ్దంలోనే రాసిపెట్టిన హిల్డెగార్డ్ జర్మనీలోని ఒక మఠంలో ఉన్న సన్యాసిని. వ్యాపారం పెద్దదై, డబ్బు కనపడ్డాక అది మగవాళ్ళ చేతుల్లోకి పోయింది. బెల్జియం బీరు సంప్రదాయాన్ని 2016లో యునెస్కో మానవాళి వారసత్వం జాబితాలో చేర్చింది. ఆ వారసత్వంలో పేరు లేని ఆడవాళ్ళు ఎందరో ఉన్నారని నేను నమ్ముతాను.

మన దగ్గర పువ్వును పులియబెట్టే విద్య లేదనుకోకండి. గురజాలలో మా పిన్నికి పురుడు పోసినప్పుడు మా అమ్మమ్మ దశమూలారిష్టం గిన్నెడు నీళ్ళల్లో కలిపి ఇవ్వడం నేను చూశాను. అశోకారిష్టం, ద్రాక్షారిష్టం పేర్లు వినని ఆడది మనలో లేదు. ఆ అరిష్టాలు, ఆసవాలు పులియడానికి ఆయుర్వేదంలో వేసేది ధాతకీ పువ్వు. పులిసేటప్పుడు అందులో సారాయి దానంతటదే పుడుతుంది. సీసా తిప్పి చూడండి, స్వయంగా పుట్టిన ఆల్కహాల్ ఇంత శాతం అని అచ్చువేసి ఉంటుంది, కొన్నిటిలో 10 శాతం దాకా. నేను రుచి చూసిన బీరులో 6 శాతం. కాకపోతే అరిష్టం చెంచాలతో కొలిచి, మందుగా, వైద్యుడు చెప్పిన నాళ్ళే తాగుతాం. బీరు గ్లాసులతో తాగుతారు. తేడా అంతా ఆ కొలతలో ఉంది.

మాచర్ల దాటి నల్లమల అంచుకు పోతే చెంచు గూడేలున్నాయి. ఇప్పపువ్వు రాలే ఎండాకాలం తెల్లవారకముందే ఆడవాళ్ళు గంపలతో చెట్టు కిందకు చేరతారు. ఆ పువ్వును ఎండబెట్టి వండుకుంటారు, సారా కాస్తారు. దేవుడికి ముందు పోసి తర్వాత తాము తాగుతారు. అదే పువ్వుతో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి అమ్మకానికి దారి చేసింది. బెల్జియం వాళ్ళ బీరును గౌరవంగా చూసి, మన అడవి బిడ్డల పువ్వును నాటు అని చులకన చేస్తే అది న్యాయం కాదు.

ఇంత చెప్పాక రెండో మాట కూడా చెప్పాలి. ఆ మాట లేకుండా ఈ ముచ్చట రాసే హక్కు నాకు లేదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళకు ముందు నిలిచిన రోసమ్మ గారి పేరు మీలో చాలామందికి తెలుసు. రాత్రి బడిలో సీతమ్మ కథ అనే పాఠం చదివి, ఇది మన కథేనని లేచిన ఆడవాళ్ళు వాళ్ళు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది పోయింది. ఆ రెండేళ్ళలో పల్నాడు పల్లెల్లో సాయంత్రాలు ఎట్టా ఉండేవో పెద్దవాళ్ళను అడగండి. చీకటి పడితే భయం లేకుండా కూడు వండుకున్న రోజులని మా ఇంటికొచ్చే పనిమనిషి ఇప్పటికీ చెబుతుంది.

కాబట్టి పూలు, తేయాకు, ధనియాలు అనే మెత్తటి మాటలు విని అది పానకమని అనుకోకండి. 330 మిల్లీలీటర్ల సీసాలో 6 శాతం అంటే దాదాపు 20 మిల్లీలీటర్ల అసలు సారాయి. గోంగూర పువ్వు అందులో ఉన్నంత మాత్రాన అది తగ్గదు. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు చుక్క కూడా ముట్టకూడదు. మద్యానికి ఆరోగ్యపరంగా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. పట్నాల్లో చదువుకునే, ఉద్యోగాలు చేసే మన ఆడపిల్లలకు ఇప్పుడు ఇవన్నీ చేతికందేవే. హైదరాబాద్‌లో, బెంగళూరులో బీరు అక్కడికక్కడ కాచి పోసేచోట్లు ఎన్నో. మీ అమ్మాయి ఏదో ఒకరోజు రుచి చూశానని చెబితే నెత్తి కొట్టుకోకండి. అందులో ఎంత శాతం, ఎంత తాగావు, ఎవరితో పోయావు, ఇంటికి ఎట్టా వచ్చావు అని అడగండి. అడిగే అమ్మకు పిల్ల నిజం చెబుతుంది. వద్దనిపిస్తే వద్దని గట్టిగా అనడం నేర్పండి. స్నేహితులు నవ్వుతారని గ్లాసు ఎత్తడం కన్నా, నవ్వితే నవ్వనీ అని పక్కన పెట్టడానికి ఎక్కువ ధైర్యం కావాలి.

"అక్కా, మన నరసరావుపేటలో నువ్వూ నేనూ ఇట్టా కూర్చుని ఓ గుక్క రుచి చూడగలమా?" అని అడిగింది మా చెల్లెలు ఆ సాయంత్రం.

"చూడలేం. అందుకు నాకు బాధ లేదు. తాగి వచ్చిన మగాడిని చేయి పట్టి లోపలికి లాక్కుని తలుపేసుకునే ఊరు, గ్లాసు ముట్టిన ఆడదాన్ని మాత్రం వీధిలో నిలబెడుతుందే, దానికి బాధ" అన్నాను. ఆ మాట ఇక్కడ కూడా అంటున్నాను.

నా తీర్పు అడుగుతారా? రుచిగా ఉంది. చేసిన చేతికి పనితనం ఉంది. రెండో గ్లాసు అడగాలని నాకు అనిపించలేదు. మనసంతా ఆ పులుపు మీదకు, ఆ పువ్వు మీదకు పోయింది. ఇంటికొచ్చాక సారాయి లేకుండా అదే కలయిక చేశాను. పిల్లలూ పెద్దలూ అందరూ తాగారు. చెబుతా రాసుకోండి.

ఎర్ర గోంగూర తొడుగులు లోపలి కాయ తీసేసి నీడలో కరకరలాడేదాకా ఎండబెట్టండి. రెండు గ్లాసుల నీళ్ళలో గుప్పెడు తొడుగులు, పావు చెంచా కచ్చాపచ్చాగా నలిపిన ధనియాలు వేసి ఐదు నిమిషాలు మరగనివ్వండి. పొయ్యి ఆపాక అర చెంచా తేయాకు వేసి మూతపెట్టి, రెండు మూడు నిమిషాలకే వడగట్టండి. అంతకన్నా ఉంచితే వగరెక్కుతుంది. కొంచెం చల్లారాక బెల్లం కలపండి. స్టీలు గిన్నె వాడండి, పులుపు కదా, అల్యూమినియం వద్దు. పాలు మాత్రం పొయ్యకండి, విరిగిపోతాయి. కుండలో చల్లబరిచి తాగితే మన రొంపిచర్ల ఎండలకు ప్రాణం లేచొస్తుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు రోజూ తాగదలిస్తే ముందు డాక్టర్ని అడగండి, ఈ పువ్వుకు బీపీ తగ్గించే గుణం ఉంది.

సంక్రాంతి వేళకు ఎర్ర గోంగూర మొక్కలు తొడుగులతో నిండుగా ఉంటాయి. ఈసారి పీకేయకండి, కోసి ఎండబెట్టుకోండి. ఓ రెండు మొక్కల కాయలు మాత్రం చెట్టు మీదే ఎండనిచ్చి విత్తనానికి ఉంచండి.